యంత్రముతో సంభాషించు ప్రోగ్రామునకు పేటెంటు హక్కు కలదా?

విద్యుచ్ఛక్తితో నడచు మోటారును పూర్వము మనుష్యుడు చేతితో నడిపించెడివాడు. మిల్లు గోడకు బిగించిన స్విచ్చు వేసినచో మోటారు తిరిగెడిది, తీసినచో ఆగెడిది. దాని ధ్వనిని బట్టియే పనివాడు అది సుఖముగా నడచుచున్నదో, భారముతో మూలుగుచున్నదో కనిపెట్టెడివాడు. నేడు పెక్కు కార్ఖానాలలో మోటారు ప్రక్కన మనుష్యుడు కానరాడు. వేరొక గదిలోనున్న కంప్యూటరు “నిమిషమునకు 1,200 చుట్లు తిరుగుము” అని ఒక సంఖ్యను తీగపై పంపును. మోటారును నడపు డ్రైవు ఆ సంఖ్యను చదువుకొని, వేగమును సవరించి, ఆజ్ఞ అందినదని బదులు చెప్పును. ఈ సంభాషణను నడిపించునది ఒక ప్రోగ్రాము. దానికి బరువు లేదు, ఆకారము లేదు. అయినను అది లేనిచో లక్షల రూపాయల యంత్రము మూగదై నిలిచిపోవును. ఇట్టి ప్రోగ్రామును కల్పించినవాడు, తన అనుమతి లేనిదే మరియొకరు ఆ పద్ధతిని వాడరాదని పేటెంటు హక్కు పొందవచ్చునా? ఈ ప్రసంగమున మేము విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

ఇది న్యాయవాదులకు మాత్రమే పనికివచ్చు చర్చయని శ్రోతలు తలపరాదు. బాలానగరులోను, జీడిమెట్లలోను, విజయవాడ ఆటోనగరులోను చిన్న కార్ఖానాలు నడుపుకొనువారికి ఇందు రెండు విధములైన భయములు గలవు. రెండు మూడేండ్లు శ్రమించి తాము కనిపెట్టిన ఉపాయమును పెద్ద సంస్థ యొకటి చూచి, మరునాడే తన సరకులో చేర్చుకొనునేమో యనునది మొదటి భయము. తాము సొమ్ము పెట్టి కొన్న యంత్రమును తమ కంప్యూటరుతో కలిపికొన్నందుకే, పేరైనను వినని సంస్థ యేదో దూరదేశము నుండి నోటీసు పంపునేమో యనునది రెండవది. ఈ రెండు భయములును నిరాధారములు కావు. మొదటి దానిని తీర్చుటకు పేటెంటు చట్టము గట్టిగా నుండవలెను. రెండవ దానిని తీర్చుటకు ఆ చట్టమునకు హద్దు ఉండవలెను. ఆ హద్దు ఎచ్చట గీయవలెనన్న విషయముననే అర్ధశతాబ్దికి పైగా అనేక దేశముల న్యాయస్థానములు తర్జనభర్జనలు పడుచున్నవి.

ముందుగా యంత్రములు ఎట్లు మాటలాడుకొనునో తెలిసికొనుట మంచిది. 1979లో అమెరికాలోని మోడికాన్ సంస్థ మోడ్‌బస్ అను సంభాషణ పద్ధతిని ప్రకటించినది. నాలుగు దశాబ్దములు దాటినను అది నేటికిని వేలాది కార్ఖానాలలో వాడుకలో నున్నది. అందు ఒక సందేశము మనము వ్రాసికొను ఉత్తరమును పోలియుండును. మొదట చిరునామా, తరువాత ఏమి చేయవలెనో తెలుపు సంకేతము, ఆ పిమ్మట విషయము, చివరకు ముద్ర. 5వ నంబరు డ్రైవులో వేగమును చుట్ల లెక్కన వ్రాసికొను ఏర్పాటున్నదనుకొందము. దానికి 1,200 అను సంఖ్యను పంపవలెనన్న, మొదటి బైటులో 5 అని చిరునామా యుండును. రెండవ బైటులో 6 ఉండును. “ఈ సంఖ్యను వ్రాసికొనుము” అని దాని యర్థము. తరువాతి రెండు బైట్లలో ఆ సంఖ్యను ఏ గడిలో వ్రాసికొనవలెనో యుండును. ఆపైన 4, 176 అను రెండు బైట్లు వచ్చును. 4ను 256తో హెచ్చించి 176 కలిపినచో 1,200 వచ్చునుగదా. చివరి రెండు బైట్లు, త్రోవలో సందేశము చెడిపోలేదని సరిచూచుకొను లెక్క. మొత్తము 8 బైట్లు. డ్రైవు ఆ ఆజ్ఞను శిరసావహించినచో అదే సందేశమును ఉన్నదున్నట్లు తిరిగి పంపును. “మీరు చెప్పినది ఇదియేగదా, చేసితిని” అని చెప్పినట్లన్నమాట.

ఈ పద్ధతిలో నిశ్శబ్దమునకు సైతము అర్థము గలదు. ఒక సందేశము ముగిసి మరియొకటి ప్రారంభమగుటకు నడుమ కనీసము మూడున్నర అక్షరములు పట్టునంత కాలము తీగ మౌనముగా నుండవలెను. ఆ మౌనమును బట్టియే యంత్రములు వాక్యము ముగిసినదని గ్రహించును. ఇక చిరునామాగా 0 వేసి పంపిన సందేశమును ఆ తీగపై నున్న యంత్రములన్నియు వినును, కాని ఏదియు బదులు చెప్పదు. రేడియోలో పని చేయు మాకు ఈ యేర్పాటు క్రొత్తగా తోచదు.

పై వర్ణనను బట్టి ఇందు రెండు వస్తువులు వేరువేరుగా నున్నవని శ్రోతలు గ్రహించియుందురు. చిరునామా ముందు, సంకేతము తరువాత అను కట్టడి ఒకటి. అది వ్యాకరణము వంటిది. ఆ వ్యాకరణమును ఉపయోగించి యంత్రముచేత మునుపటికంటె మేలైన పనిని చేయించు ఉపాయము వేరొకటి. పేటెంటు తగాదాలలో పెక్కు, ఈ రెంటిని కలగాపులగము చేయుట వలన పుట్టినవే.

పేటెంటు, కాపీరైటు అనునవి కూడ ఒకటి కావు. ప్రోగ్రాము యొక్క రచనను కాపాడునది కాపీరైటు. మన దేశమున 1984లో జరిగిన సవరణ చట్టము కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్య రచనల కోవలో చేర్చినది. రచయిత జీవితకాలమును, ఆ తరువాత 60 సంవత్సరములును ఆ రక్షణ యుండును. కాని అది అక్షరములకు మాత్రమే రక్షణ. వేరొకడు మీ ప్రోగ్రామును చూడక, అదే పనిని చేయు ప్రోగ్రామును సొంతముగా వ్రాసికొన్నచో కాపీరైటు అతనిని ఏమియు చేయజాలదు. పేటెంటు అట్లు కాదు. అది పని జరుగు పద్ధతికే హక్కు నిచ్చును. దరఖాస్తు దాఖలు చేసిన తేదీ మొదలు 20 సంవత్సరములు, మరియొకడు స్వతంత్రముగా ఆలోచించి అదే పద్ధతిని కనుగొన్నను, అనుమతి లేక వాడరాదు. ఇంత గట్టి హక్కు గనుకనే చట్టము దానికి మూడు షరతులు పెట్టినది. ఆ పద్ధతి లోకమునకు క్రొత్తదై యుండవలెను. ఆ విద్యలో నేర్పరియైనవానికి సులభముగా తట్టనిదై యుండవలెను. పరిశ్రమలో ఉపయోగపడునదై యుండవలెను. అంతేగాక దానిని చేయు విధానమును దాచక, ఇతరులు చదివి చేయగల విధముగా వివరించి వ్రాసి ఇయ్యవలెను. గడువు తీరిన పిమ్మట ఆ విద్య ప్రజల సొత్తగును. రహస్యమును వెల్లడించినందుకు కొంతకాలము హక్కు. పేటెంటులోని ఒడంబడిక యిదియే.

ఈ మూడు షరతులకును ముందే అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. ప్రోగ్రాము అసలు ఆవిష్కరణ యనిపించుకొనునా? అంకెలను కూడి తీసివేయుట గణితము. గణితమునకు పేటెంటు లేదు. కంప్యూటరు చేయునది అంకెల పనియేగదా! అమెరికా సుప్రీం కోర్టు 1972లో బెన్సన్ కేసులో ఈ వాదమునే అంగీకరించినది. దశాంశ సంకేతములలోని సంఖ్యను ద్విసంఖ్యగా మార్చు పద్ధతికి పేటెంటు ఇచ్చినచో, ఆ గణిత సూత్రమునకే పేటెంటు ఇచ్చినట్లగునని ఆ న్యాయస్థానము నిరాకరించినది.

అటు పిమ్మట వచ్చిన రెండు కేసులను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట లాభకరము. రెండును పరిశ్రమకు సంబంధించినవే. మొదటిది 1978 నాటి ఫ్లూక్ కేసు. పెట్రోలియపు రసాయనముల కార్ఖానాలో ఉష్ణోగ్రత, ఒత్తిడి మొదలగునవి ఒక మేర దాటినచో ప్రమాద సూచన చేయవలెను. ఆ మేరను పరిస్థితిని బట్టి ఎప్పటికప్పుడు ఒక సూత్రముతో లెక్కించి సవరించుట ఫ్లూక్ చూపిన పద్ధతి. రెండవది 1981 నాటి డీర్ కేసు. పచ్చి రబ్బరును అచ్చులో పెట్టి వేడిచేసి గట్టిపరచు ప్రెస్సు అది. అచ్చును ఎంతసేపటికి తెరువవలెనో లెక్కించు ఆరీనియస్ సూత్రము అప్పటికే అందరికిని తెలిసినదే. కాని అచ్చు లోపలి వేడిమిని సరిగా తెలిసికొనలేక పనివారు ఉజ్జాయింపుగా తెరచెడివారు. అందువలన రబ్బరు ఒకప్పుడు పచ్చిగను, ఒకప్పుడు మాడిపోయియు వచ్చెడిది. డీర్, లట్టన్ అను వారు లోపలి వేడిమిని ఎడతెగక కొలిచి కంప్యూటరునకు అందజేసిరి. కంప్యూటరు మాటిమాటికి లెక్క కట్టి, సరియైన క్షణమున ప్రెస్సును తెరువుమని ఆజ్ఞ నిచ్చెడిది.

రెండింటను సూత్రమున్నది, కంప్యూటరు ఉన్నది, కార్ఖానా ఉన్నది. కాని సుప్రీం కోర్టు ఫ్లూక్‌కు పేటెంటు తగదన్నది, డీర్‌కు తగునన్నది. డీర్ తీర్పులో న్యాయమూర్తులు అయిదుగురు ఒక ప్రక్క, నలుగురు మరియొక ప్రక్క నిలిచిరన్నచో విషయమెంత సున్నితమైనదో ఊహింపవచ్చును. వ్యత్యాసమెచ్చట? ఫ్లూక్ పద్ధతి చివరకు ఇచ్చినది ఒక సంఖ్య. కొలతలు ఎట్లు తీయవలెనో, ప్రమాద సూచన ఎట్లు జరుగవలెనో అతడు చెప్పలేదు. డీర్ పద్ధతి చివర సంఖ్య లేదు, గట్టిపడిన రబ్బరు ఉన్నది. లోపలి వేడిమి తీగద్వారా లెక్కలోనికి వచ్చినది, లెక్క మరల తీగద్వారా ప్రెస్సునకు పోయినది, పదార్థము మారినది. గణితము దారిలో ఒక మజిలీ మాత్రమే.

ఈ భేదమును గుర్తుంచుకొన్నవారికి తరువాతి చరిత్ర కొంత సుగమమగును. 1998 తరువాత అమెరికాలో తలుపులు బార్లా తెరచుకొని, వ్యాపార పద్ధతులకు సైతము విరివిగా పేటెంట్లు లభించినవి. 2010లో బిల్‌స్కీ తీర్పు, 2014లో ఆలిస్ తీర్పు ఆ తలుపులను మరల దగ్గరకు వేసినవి. కేవల భావనను తెచ్చి “దీనిని కంప్యూటరుపై చేయుడు” అని చెప్పినంతమాత్రమున అది ఆవిష్కరణ కాదని ఆలిస్ కేసులో సుప్రీం కోర్టు ఏకగ్రీవముగా పలికినది. ఆ మాట విద్యుద్యంత్రముల రంగమునకు వచ్చుటకు ఎంతోకాలము పట్టలేదు. 2016లో ఎలక్ట్రిక్ పవర్ గ్రూప్ అను సంస్థ కేసులో, విశాల ప్రదేశమున వ్యాపించిన విద్యుత్తు గ్రిడ్డు నుండి సమాచారమును సేకరించి, విశ్లేషించి, తెరపై చూపు పద్ధతికి పేటెంటు చెల్లదని అచ్చటి ఫెడరల్ అప్పీలు కోర్టు నిర్ణయించినది. సేకరణ, విశ్లేషణ, ప్రదర్శన అను మూడింటను గ్రిడ్డు నడకలో మార్పేమియు లేదుగదా.

మన విషయమునకు అన్నింటికంటె సమీపమైన తీర్పు 2019 మార్చిలో అదే న్యాయస్థానము ఛార్జ్‌పాయింట్ కేసులో ఇచ్చినది. విద్యుత్తు కార్లకు కరెంటు ఎక్కించు స్తంభములను దూరముననున్న సర్వరుతో కలిపి, అచ్చటి ఆజ్ఞను బట్టి కరెంటును ఇచ్చుట, నిలుపుట ఆ పేటెంట్లలోని విషయము. ఇచ్చట యంత్రము నిజమైనది, కరెంటు నిజమైనది, స్విచ్చు నిజముగానే పడుచున్నది. అయినను న్యాయస్థానము వానిని కొట్టివేసినది. ఏలయన, నెట్‌వర్కు ద్వారా ఒక పరికరముతో సంభాషించుట యనునది కేవల భావన. ఆ భావనను స్తంభమునకు తగిలించుటే గాని, స్తంభము పని చేయు తీరునందు క్రొత్త మెరుగేదియు ఆ పేటెంట్లు కోరిన హక్కులలో కానరాలేదు. ఈ తీర్పును మెచ్చనివారును గలరు. చేతికి తగులు యంత్రమునకే పేటెంటు లేదన్నచో ఇక దేనికి గలదని వారి ప్రశ్న. కాని ఆ హక్కు నిలిచియున్నచో, స్తంభమును ఏ పద్ధతిలో దూరము నుండి నడిపినను ఆ సంస్థ గుమ్మము త్రొక్కవలసివచ్చెడిదని న్యాయమూర్తుల శంక. మాకును ఆ శంక సబబుగనే తోచుచున్నది.

యూరపు ఖండమున దారి కొంత వేరు. 1973లో కుదిరిన యూరోపియన్ పేటెంటు ఒప్పందములోని 52వ ఆర్టికల్ కంప్యూటరు ప్రోగ్రాములు ఆవిష్కరణలు కావన్నది. వెంటనే, ప్రోగ్రామును ప్రోగ్రాముగా మాత్రమే కోరినప్పుడు ఈ నిషేధము వర్తించునని ఒక మాట చేర్చినది. ఆ చిన్న మాట ఎంత పని చేసినదో 1987 నాటి కోచ్, స్టెర్జెల్ కేసు చూపును. అది ఎక్స్‌రే యంత్రము. చిత్రము స్పష్టముగా రావలెను, గొట్టము మితిమీరిన భారముతో చెడిపోరాదు. ఈ రెంటిని పొసగించునట్లు ఒక ప్రోగ్రాము యంత్రమును నడిపించెడిది. ఆ యంత్రమును, కంప్యూటరును అప్పటికే లోకమున నున్నవే. అయినను ప్రోగ్రాము వలన ఎక్స్‌రే గొట్టమునందు భౌతికమైన ఫలము కలుగుచున్నది గనుక దీనిని నిషిద్ధముల కోవలో చేర్చరాదని యూరోపియన్ పేటెంటు కార్యాలయపు అప్పీలు మండలి తేల్చినది. ఆ పైన 2002లో కాంవిక్ నిర్ణయము మరియొక జల్లెడను అమర్చినది. యంత్రము పని చేయు తీరునకు తోడ్పడు అంశములను మాత్రమే ఎంచి, వానిలో సులభముగా తట్టని నేర్పున్నదా యని చూడవలెను. వ్యాపారపు తెలివి ఎంత యున్నను దానిని లెక్కింపరాదు.

ఇక మన దేశపు సంగతి. 1970లో పార్లమెంటు చేసిన పేటెంట్ల చట్టములో కంప్యూటరు ప్రోగ్రాముల ప్రస్తావన లేదు. 2002 సవరణ చట్టము 3వ సెక్షనులో (కె) అను ఖండమును చేర్చినది; 2003 మే 20వ తేదీ నుండి అది అమలులోనికి వచ్చినది. గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథము, “తనంతట తానుగా” కంప్యూటరు ప్రోగ్రాము, ఇవి ఆవిష్కరణలు కావని ఆ ఖండము చెప్పుచున్నది. ఈ “తనంతట తానుగా” అను మాటను పార్లమెంటు సంయుక్త సంఘము కోరి చేర్చినది. ప్రోగ్రాముతో పాటు దానిని ఆశ్రయించిన ఇతర వస్తువులు ఉండవచ్చుననియు, ప్రోగ్రాము ఉన్నంతమాత్రమున వానిని త్రోసిపుచ్చరాదనియు ఆ సంఘపు ఉద్దేశము. 2004 చివర కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా మరియొక అడుగు వేసి, పరిశ్రమలో సాంకేతికముగా వినియోగించు ప్రోగ్రామునకును, హార్డువేరుతో కలిసిన ప్రోగ్రామునకును పేటెంటు ఇయ్యవచ్చునన్నది. కాని 2005లో పార్లమెంటు ఆ మార్పును ఆమోదింపలేదు. పాత మాటలే నిలిచినవి.

ఆ పాత మాటల అర్థమేమన్న చిక్కు పరిశీలకుల మెడకు చుట్టుకొన్నది. 2016 ఫిబ్రవరిలో పేటెంటు కార్యాలయము విడుదల చేసిన మార్గదర్శక సూత్రములు, ప్రోగ్రాముతో పాటు హార్డువేరు కూడ క్రొత్తదై యుండవలెనన్నవి. మోటారు పాతది, డ్రైవు పాతది, వానిని నడిపించు ఉపాయమే క్రొత్తది అన్న దరఖాస్తునకు ఈ నియమము గొడ్డలిపెట్టు. 2017 జూన్‌లో సవరించిన సూత్రములు ఆ నియమమును విడిచినవి. 2019 డిసెంబరు 12వ తేదీన ఢిల్లీ హైకోర్టు ఫెరీద్ అల్లానీ కేసులో విషయమును మరింత విశదము చేసినది. నేడు కార్లలో, బట్టలుతుకు యంత్రములలో, శీతల పేటికలలో సైతము ప్రోగ్రాములు ఇమిడియున్నవి; ప్రోగ్రాముపై ఆధారపడిన ఆవిష్కరణలన్నిటికిని పేటెంటు నిరాకరించుట చట్టపు ఉద్దేశము కాదు; అట్టి ఆవిష్కరణ సాంకేతిక ఫలమును చూపినచో, లేక సాంకేతిక విజ్ఞానమునకు తోడ్పడినచో అది పేటెంటునకు అర్హమే. ఆ తీర్పు సారాంశమిది. 2002లో దాఖలైన ఆ దరఖాస్తు 17 ఏండ్ల తరువాత పునఃపరిశీలనకు పోయినది. హక్కు గడువే 20 ఏండ్లని తలచుకొన్నచో, చట్టములోని ఒక మాటకు అర్థము తేలకుండుట వలన కలుగు నష్టమెంతటిదో బోధపడును.

ఇంతవరకు చెప్పిన సూత్రములు కార్ఖానాలో ఎట్లు అన్వయించునో మూడు ఉదాహరణములతో చూతము. ఇవి మేము కల్పించినవి.

ఒక ఇంజనీరు, మోటారు పుచ్చుకొను కరెంటును చదివి యజమాని చేతిలోని ఫోనులో అంకెలుగా చూపు ప్రోగ్రామును వ్రాసెననుకొందము. ఉపయోగమైనదే, సరకుగా అమ్ముడుపోవునదే. కాని సేకరించుట, చూపుట తప్ప యంత్రములో మార్పు లేదు. పేటెంటు వచ్చుట కష్టము. అతని రచనకు కాపీరైటు రక్షణ మాత్రము ఉండును.

రెండవ ఇంజనీరు, ఒక కంపెనీ డ్రైవు మాటలాడు భాషను వేరొక కంపెనీ కంప్యూటరునకు తెలియు భాషలోనికి మార్చు ప్రోగ్రామును చేసెను. రెండు భాషల వ్యాకరణములును అచ్చైన పుస్తకములలో నున్నవి. ఈ గడిలోని సంఖ్యను ఆ గడిలో పెట్టుటే పని. ఇది ఓపికతో చేయు పని, గౌరవింపదగిన పని. కాని ఆ విద్య తెలిసినవారెవరికైనను తట్టునదే. ఇచ్చటను పేటెంటునకు ఆశ తక్కువ.

మూడవది కాగితపు మిల్లు సంగతి. వరుసగా నున్న పెక్కు రోలర్లను వేరువేరు మోటార్లు త్రిప్పును. అన్నియు ఒకే క్షణమున వేగము మార్చవలెను. ఒకటి వెనుకబడినచో కాగితము చినుగును. కాని ఒకే తీగపై సందేశములు ఒకదాని వెనుక ఒకటి పోవును గనుక, మొదటి మోటారునకు ఆజ్ఞ ముందును, చివరిదానికి ఆలస్యముగను అందును. మూడవ ఇంజనీరు ప్రతి యంత్రమునకు ఆజ్ఞ చేరుటకు పట్టు ఆలస్యమును కొలిచి, ఆ లెక్కను సందేశములోనే చేర్చి, అన్నియు ఒక్కసారిగా కదలునట్లు చేసెను. ఇందు కాగితము చినుగుట తగ్గినది; ఫలము యంత్రములో కనబడుచున్నది. ఇది ప్రోగ్రాము మాత్రమే కాదు. కనుక నిషేధపు గడప దాటినట్లే. అయినను పని తీరలేదు. నెట్‌వర్కుపై గడియారములను సరిచేసి కాలమును ఏకము చేయు ప్రమాణము ఐ.ఇ.ఇ.ఇ. 1588 అను పేర 2002లోనే ప్రకటితమైనది. ఆ పాత విద్యను మించి ఇతని పద్ధతిలో ఏమున్నదని పరిశీలకుడు తప్పక అడుగును. దానికి సమాధానమున్నచో పేటెంటు, లేనిచో లేదు. ప్రోగ్రాములకు పేటెంటు ఉన్నదా లేదా యని వాదించువారు పలుమారు ఈ రెండవ గడపను మరచుచుందురు.

ఇప్పుడు మొదట చెప్పిన రెండవ భయమునకు వత్తము. యంత్రముల భాషకే యజమాని యుండవచ్చునా? చరిత్రలో దీనికి పలు విధములైన సమాధానములు గలవు. కంప్యూటర్లను కలుపు ఈథర్నెట్టునకు జిరాక్స్ సంస్థ 1977లో అమెరికా పేటెంటు పొందినది. కాని 1980లో డిజిటల్, ఇంటెల్ సంస్థలతో కలిసి దాని వివరములను లోకమునకు ప్రకటించినది. నేడు కార్ఖానాలలో సైతము అది వ్యాపించుటకు ఆ ప్రకటనయే పునాది. జర్మనీలోని బాష్ సంస్థ 1986లో వెల్లడించిన క్యాన్ అను పద్ధతికి చిప్పులు చేయువారి నుండి లైసెన్సు రుసుము పుచ్చుకొనెడిది. అయినను వివరములు బహిరంగముగా నుండుటచే అది కార్లలోను, యంత్రములలోను అల్లుకొన్నది. మోడ్‌బస్‌ను మొదటినుండి బహిరంగముగా నుంచిరి. 2004లో దాని హక్కులను ష్నైడర్ ఎలక్ట్రిక్ సంస్థ ఒక ఉమ్మడి సంఘమునకు అప్పగించినది.

వీనికి భిన్నమైన కథయు ఒకటి గలదు. కార్ఖానాలోని యంత్రములను నడపు పి.ఎల్.సి. యను పెట్టెకును, కేంద్ర కంప్యూటరులోని ప్రోగ్రామునకును నడుమ ఎప్పటికప్పటి సమాచారమును పంపు సాధనమునకు 1991లో 5,038,318 సంఖ్యతో అమెరికా పేటెంటు లభించినది. కొన్నేండ్లకు అది సొలాయా టెక్నాలజీ యను సంస్థ చేతికి వచ్చినది. ఆ సంస్థ పెక్కు ఉత్పత్తిదారులపై వ్యాజ్యములు వేసినది. వారు ఆ సాధనములను చేసి అమ్మువారు కారు. తమ కార్ఖానాలలో వాడుకొనువారు. ఆ వివాదమును గూర్చి వ్రాసిన ఒక పరిశ్రమల పత్రికపై సొలాయా వేసిన పరువునష్టపు దావా 2006లో ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీం కోర్టు దాక పోయినది. హక్కు ఎవరిది, తప్పు ఎవరిది అను తీర్పు మా పని కాదు. యంత్రమును కొన్నవానికి, దానితో మాటలాడు హక్కును వేరుగా కొనవలసి యుండునేమోనన్న శంక ఉత్త ఊహ కాదని మాత్రము ఇది చూపుచున్నది.

ఇట్టి చిక్కులకు మన చట్టములో కొన్ని కవచములు గలవు. దరఖాస్తు సాధారణముగా 18 మాసములు గడచిన పిమ్మట ప్రచురితమగును. అది మొదలు పేటెంటు మంజూరగువరకు ఎవరైనను, తమకు స్వప్రయోజనమున్నను లేకున్నను, అభ్యంతరము దాఖలు చేయవచ్చును. “ఈ పద్ధతి పదేండ్ల క్రిందటనే ఫలాని కరపుస్తకములో అచ్చైనది” అని ఆధారముతో చూపగలిగిన చిన్న కార్ఖానాదారు కోట్ల విలువగల దరఖాస్తును ఆపగలడు. మంజూరైన తరువాత కూడ, ఆ ప్రకటన వెలువడిన ఏడాదిలోగా ఆసక్తిగల పక్షమువారు అభ్యంతరము తెలుపవచ్చును. కనుక పాత యంత్రముల కరపుస్తకములను చిత్తు కాగితముల క్రింద అమ్మివేయక భద్రపరచుట మంచిది.

స్వయముగా క్రొత్త ఉపాయమును కనిపెట్టినవారికి మేము చెప్పదలచిన మాటలు కొన్ని గలవు. దరఖాస్తు దాఖలు చేయకముందే ఆ ఉపాయమును సభలలో వివరించిగాని, కొనుగోలుదారులకు బహిరంగముగా చూపిగాని నూతనతను పోగొట్టుకొనరాదు. పని పూర్తి కాకున్నను తాత్కాలిక వివరణతో ముందుగా తేదీని సంపాదించుకొని, 12 మాసములలోగా సంపూర్ణ వివరణను ఇయ్యవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసుల దరఖాస్తులు చెన్నైలోని పేటెంటు కార్యాలయమునకు చెందును. వ్యక్తులకును, చిన్న పరిశ్రమలకును రుసుము తక్కువ. దరఖాస్తులో ప్రోగ్రాము గొప్పదనమును వర్ణించుటకంటె, యంత్రములో ఏ లోపము ఉండెడిదో, ఎట్టి కొలతను ఎచ్చట తీసితిరో, ఏ సందేశము ఎప్పుడు పోవునో, దాని వలన మోటారులో, పంపులో, ప్రెస్సులో ఏ మార్పు కలిగినదో అంకెలతో వ్రాయుట మేలు. మునుపు రోజునకు ఎన్నిసార్లు కాగితము చినిగినది, ఇప్పుడు ఎన్నిసార్లు చినుగుచున్నది అను చిట్టా, పది పుటల పొగడ్తకంటె బలమైన సాక్ష్యము.

చట్టము చూచునది ప్రోగ్రామును కాదు, ప్రోగ్రాము ముగిసిన చోట ఏమి జరిగినదో దానిని. తీగ చివర ఒక అంకె మాత్రమే మిగిలినచో హక్కు నిలుచుట అరుదు. తీగ చివర రబ్బరు సరిగా గట్టిపడినచో, ఎక్స్‌రే గొట్టము చెడక నిలిచినచో, కాగితము చినుగక సాగినచో, ఆ మేలును సాధించిన పద్ధతికి హక్కు కోరుట న్యాయము. ఆ హక్కు ఆ పద్ధతివరకే యుండవలెను గాని, యంత్రముతో మాటలాడుట యను పనినంతను ఆక్రమింపరాదు. నేటి తీర్పులు ఎక్కువగా ఈ వైపుననే మొగ్గుచున్నవి. మన కార్ఖానాలలో రాత్రింబవళ్లు యంత్రముల మొరాయింపులతో కుస్తీ పట్టు యువకులు ఈ సంగతి నెరిగియున్నచో, తమ శ్రమలో ఏ భాగము తమకు దక్కునో, ఏ భాగము అందరిదో ముందుగానే తేల్చుకొని పనికి దిగగలరు.